చెవిలో ఉస్తాదు, గీతలో ఎవరు?

బాపు బొమ్మ అంటే తెలుగుదనం. ఈ మాట మొదట ఎవరన్నారో గాని, కొన్ని తరాలుగా అందరూ అంటున్నారు. పెళ్ళిచూపుల్లో అంటారు. సినిమా సమీక్షల్లో అంటారు. సంక్రాంతి ప్రత్యేక సంచికల్లో అంటారు. అనేసి, ఇక ప్రశ్నించే పని లేని సత్యంలాగా పక్కన పెట్టేస్తారు. తెలుగుదనానికి ఒక వాలుజడ, ఒక కుంకుమబొట్టు, ఒక ముగ్గు, ఒక తులసికోట ఉంటాయనీ, అవి లేనివాళ్ళు పుట్టిన దగ్గర్నుంచీ తెలుగే మాట్లాడుతున్నా పూర్తి తెలుగువాళ్ళు కారనీ ఎవరూ పైకి అనరు. అనక్కర్లేదు. బొమ్మ చెబుతుంది.

ఇక్కడ నేను మాట్లాడదలచుకున్నది ఆ బొమ్మ గీసిన మనిషి చెవి గురించి. ఆయనకు ఏ పాట ఇష్టం, ఏ గొంతు ఇష్టం, ఏది ఇష్టం లేదు అన్న సంగతులు అభిమానులు ముచ్చటగా చెప్పుకుంటారు. మహానుభావుల అలవాట్లుగా, పక్కపేజీ విశేషాలుగా చెప్పుకుంటారు. నాకవి పక్కపేజీ విశేషాలుగా కనపడవు. ఒక జాతి తన ముఖాన్ని ఎవరి గీతలో చూసుకుంటుందో, ఆ గీసినవాడి ఇష్టాయిష్టాలు ఆ జాతి చరిత్రలో భాగమే. అందులో మనకు, అంటే తెలుగు మాట్లాడే ముస్లిములకు, అడగవలసిన లెక్క ఒకటుంది.

1933లో నరసాపురంలో పుట్టి 2014 ఆగస్టు 31న చెన్నైలో కన్నుమూసిన సత్తిరాజు లక్ష్మీనారాయణ చిత్రకారుడు, కార్టూనిస్టు, సినిమా దర్శకుడు. అన్నిటికన్నా ముందు నేను ఆయన్ని డిజైనర్ అంటాను. మద్రాసులో లా చదివి, కోర్టు వైపు పోకుండా పత్రికలకు బొమ్మలు వేసి, అడ్వర్టైజింగ్ కంపెనీల్లో పనిచేసి, వేలకొద్దీ పుస్తకాలకు ముఖచిత్రాలు చేసిన మనిషి. తెలుగు అక్షరానికి ఆయన ఇచ్చిన రూపం ఇవాళ కంప్యూటర్‌లో ఉంది. ఊరి ఫ్లెక్సీ మీద ఉంది, పెళ్ళిశుభలేఖ మీద ఉంది. మా చెల్లెలి నిఖా కార్డులో ఒక వైపు ఉర్దూ, ఒక వైపు తెలుగు. ఆ తెలుగు వైపంతా బాపు అక్షరాలే. మా ఊరి దర్గా ఉర్సు పోస్టరు మీద పీర్ల పేర్లు కూడా ఆ అక్షరాల్లోనే అచ్చయ్యాయి. అంటే అక్షరంగా ఆయన మా ఇంట్లోకి ఎప్పుడో వచ్చేశాడు. మేము ఆయన ఇంట్లోకి ఎంతవరకు వెళ్ళామన్నదే ప్రశ్న.

ఆయన ఇష్టాల జాబితా చిన్నది, ఏళ్ళు గడిచినా పెద్దగా మారనిది. రాముడు. రమణ. గీత. పాట. ఇష్టంలేనివాటి జాబితా ఇంకా చిన్నది. మైకు, సన్మానం, ఉపన్యాసం. వేదిక మీద కూర్చోబెడితే మాట్లాడే పని ముళ్ళపూడి వెంకటరమణకు వదిలేసి మౌనంగా ఉండటం ఆయన పద్ధతి. 2011 ఫిబ్రవరిలో రమణ పోయాక ఆ మౌనానికి మాట తోడు కూడా లేకుండా పోయింది. మాట అంటే అంత మొహమాటం ఉన్న మనిషికి పాట అంటే మాత్రం ప్రాణం. చిన్నప్పుడు మౌతార్గాన్ వాయించినవాడు. పెద్దయ్యాక చెవిని పూర్తిగా హిందుస్తానీకి ఇచ్చేసినవాడు. అందులోనూ రెండు గొంతులు. ఒకటి ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్. రెండోది మెహదీ హసన్.

ఈ రెండు పేర్లూ పలికి ముందుకు పోవడం అలవాటైపోయింది. కాస్త ఆగుదాం. ఎవరు వీళ్ళు?

బడే గులాం అలీ ఖాన్ 1902లో పంజాబులోని కసూర్‌లో పుట్టారు. దేశ విభజనతో ఆ ఊరు సరిహద్దుకు అవతల పడింది. కొన్నాళ్ళు అక్కడుండి, ఉండలేక తిరిగి వచ్చి ఈ దేశపు పౌరుడయ్యారు. 1960లో వచ్చిన 'మొఘల్-ఎ-ఆజమ్'లో తాన్‌సేన్ గొంతు ఆయనదే. ఆ పంజాబీ ముసల్మాను గొంతులో హరినామ భజన విని కళ్ళు తుడుచుకున్న హిందువులు లెక్కలేనంతమంది. చివరికి 1968 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూసింది మన హైదరాబాదులో, బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో. ఖబర్ పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్‌లో ఉంది. తెలుగు నేలలో కలిసిపోయిన మనిషి.

మెహదీ హసన్ కథ దానికి అద్దంలో బొమ్మలాంటిది. 1927లో రాజస్థాన్‌లోని లూణా అనే పల్లెలో పుట్టి, విభజనతో అవతలికి వెళ్ళిపోయి, సైకిల్ షాపులో, మోటారు షెడ్డులో మెకానిక్‌గా బతికి, రేడియో ద్వారా లోకానికి తెలిసి, 2012 జూన్‌లో కరాచీలో పోయారు. ఒకరు అటునుంచి ఇటు వచ్చారు, ఒకరు ఇటునుంచి అటు వెళ్ళారు. ఇద్దరి గొంతుల్లోనూ ఆ తెగిన ఊరు ఉంది. ఆ గొంతుల్ని గుండెకు హత్తుకున్నవాడు గోదావరి ఒడ్డున పుట్టిన రామభక్తుడు. దీన్ని నేను చిన్న సంగతి అనుకోను. క్రికెట్ మ్యాచి వస్తే సాయిబుల వీధిలో టపాకాయలు పేలాయా లేదా అని చెవులు రిక్కించే దేశంలో, పాకిస్తానీ గొంతును దాపరికం లేకుండా ఆరాధించడం చిన్న సంగతి కాదు.

ఆ చెవి ఆయన చేతికి ఏం చేసింది? అసలు విమర్శ ఇక్కడ మొదలు కావాలి. మెహదీ హసన్ గజల్ పాడేటప్పుడు తొందరపడడు. ఒకే మాట దగ్గర ఆగుతాడు. దాన్ని ఒకసారి ఫిర్యాదుగా, ఒకసారి బతిమాలుగా, ఒకసారి తనలో తాను అనుకున్నట్టుగా అంటాడు. మాట అదే, అర్థం మారుతూ పోతుంది. ఠుమ్రీలో దీన్ని బోల్ బనావ్ అంటారు. బడే గులాం అలీ ఖాన్ అందులో చక్రవర్తి. బాపు గీత దగ్గర కూర్చుని చూడండి. అదే అమ్మాయి, అదే జడ, అదే కన్ను. మెడ ఒక్క వెంట్రుకవాసి పక్కకు తిరిగితే అలక, ఇంకాస్త వంగితే సిగ్గు, రెప్ప సగం వాలితే కొంటెతనం. తక్కువ సరంజామాతో ఎక్కువ భావం. వెనక గోడా చెట్టూ కొండా గీయకుండా తెల్లకాగితాన్ని అలాగే వదిలేయడం కూడా గజల్ గాయకుడు పాదానికీ పాదానికీ మధ్య వదిలే నిశ్శబ్దం లాంటిదే. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తెగకుండా జారడాన్ని మీండ్ అంటారు. బాపు కుంచె లావుగా మొదలై, తెగకుండా సన్నబడి, గాలిలో కలిసిపోయే చోట నాకు మీండ్ వినపడుతుంది.

అక్షరం సంగతీ అంతే. నేను ఉర్దూ పత్రికలో చేరేనాటికి కాతిబ్‌ల కాలం అయిపోయింది. పేజీలన్నీ కంప్యూటర్‌లోకి వెళ్ళిపోయాయి. ఒక్క పెద్దాయన మాత్రం ప్రత్యేక సంచికల శీర్షికలు ఇంకా చేత్తోనే రాసేవారు. నస్తాలీఖ్‌లో అక్షరం కొలత చుక్కల్లో ఉంటుంది. కలం పాళీతో ఒక చుక్క పెడితే ఎంత వెడల్పో, అన్ని చుక్కల పొడవు అలిఫ్, ఇన్ని చుక్కల వంపు నూన్. అంత కట్టుదిట్టమైన లెక్క వేసుకుని, చూసేవాడికి మాత్రం లెక్కే లేనట్టు, అక్షరం ఏటవాలుగా జారిపోతున్నట్టు రాయడం ఆ విద్య. ఆయనకు తెలుగు చదవడం రాదు. బాపు రాసిన ఒక శీర్షిక చూపిస్తే, చదవలేకపోయినా చాలాసేపు చూసి, ఈ చెయ్యి ఎక్కడ ఊపిరి తీసుకుందో కనపడుతోంది అన్న అర్థం వచ్చేలా ఏదో అన్నారు. బాపు నస్తాలీఖ్ నేర్చుకున్నారని నేననడం లేదు. లెక్కను దాచిపెట్టి లయను మాత్రం పైకి చూపించే ఆ గుణం గజల్‌కూ నస్తాలీఖ్‌కూ ఒకటే అంటున్నాను. అది ఆయన తలకట్టులోనూ ఉంది.

సినిమాల్లో ఈ చెవి ఇంకా బాహాటంగా పనిచేసింది. 1975 నాటి 'ముత్యాల ముగ్గు' తెలుగుదనానికి నిలువెత్తు నిదర్శనం అని అందరూ ఒప్పుకున్న సినిమా. ఉత్తర రామాయణం నీడలో నడిచే కథ. ముగ్గు, గొబ్బెమ్మ, గోదావరి. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి పొందింది. ఆ సినిమా గుండెలో పదేపదే పలికే మాండలిన్ ఎవరిది? సజ్జాద్ హుస్సేన్‌ది. 'సంగ్‌దిల్', 'రుస్తుం సొహ్రాబ్' సినిమాలకు సంగీతం చేసిన బొంబాయి సజ్జాద్. ఆ సినిమాకు కెమెరా పట్టి జాతీయ బహుమతి తెచ్చుకున్నది ఇషాన్ ఆర్య. అంతకు రెండేళ్ళ ముందు వచ్చిన 'గర్మ్ హవా'కు కెమెరామన్ కూడా ఆయనే. విభజన తర్వాత ఈ దేశంలో మిగిలిపోయిన ముస్లిం కుటుంబపు బాధను చూపించిన సినిమా అది. ఆగ్రా సందుల్లో సలీం మీర్జా ముఖం మీద పడ్డ వెలుతురును పట్టుకున్న కన్నే, గోదావరి ఒడ్డున ముగ్గు మీద పడ్డ వెలుతురునూ పట్టుకుంది.

అంటే తెలుగుదనం అని మనకు అందిన ఆ ముగ్గులో చుక్కలు చాలా చోట్ల నుంచి వచ్చాయి. భద్రాద్రి రాముడి తలంబ్రాల్లో తానీషా ముత్యాలున్నట్టు, ఈ ముత్యాల ముగ్గులో సజ్జాద్ మాండలిన్ ఉంది. దీన్ని తలుచుకుని మనం గర్వపడవచ్చు. చాలామంది అక్కడే ఆగిపోతారు కూడా. చూశారా మతసామరస్యం అంటారు, చప్పట్లు కొడతారు, ఇంటికి వెళ్ళిపోతారు.

నేను అక్కడ ఆగలేను. సజ్జాద్ వినపడతాడు, కనపడడు. ఉస్తాద్ చెవిలో ఉన్నాడు. గీతలో ఎవరున్నారు?

ఇంకో ఉదాహరణ చూడండి. ఒక బతుకుతెరువు లేని సంగీతకారుడి ప్రేమకథ తమిళంలో 'అంద ఏళు నాట్కళ్'గా వచ్చింది. బాపు దాన్ని తెలుగులో 'రాధా కల్యాణం'గా 1981లోనూ, హిందీలో 'వో సాత్ దిన్'గా 1983లోనూ తీశారు. తమిళంలో ఆ సంగీతకారుడిది పాలఘాట్. తెలుగులోనూ పాలఘాటే. హిందీకి వచ్చేసరికి అతను పటియాలావాలా అయ్యాడు. పటియాలా అంటే బడే గులాం అలీ ఖాన్ ఘరానా పేరు. ఇది కావాలని చేశారో, కథ ఉత్తరాదికి పోయింది కాబట్టి అలా కుదిరిందో నేను తేల్చను. నా ప్రశ్న వేరు. తెలుగు కథలో సంగీతకారుడు ఎందుకు కరవాడి నుంచి రాలేదు?

కరవాడి అన్నానంటే కారణం ఉంది. ఒంగోలు దగ్గర ఆ పల్లెలో 1924లో షేక్ చినమౌలానా పుట్టారు. నాదస్వరంలో దక్షిణాదిని ఏలి, శ్రీరంగంలో స్థిరపడి, సంగీత కళానిధి అనిపించుకుని 1999లో పోయారు. ఆయనొక్కరే కాదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తరతరాలుగా గుళ్ళలో, పెళ్ళిళ్ళలో సన్నాయి ఊదుతున్న ముస్లిం కుటుంబాలున్నాయి. రాముడి కల్యాణానికి ఊపిరి పోసేది మస్తాన్ సాబ్, సైదులు సాబ్. ఇక బుర్రకథ షేక్ నాజర్. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట్లో పుట్టి, తెలుగు పల్లెను రాత్రంతా మేలుకోబెట్టిన గొంతు. తన జీవితకథకు 'పింజారి' అని పేరు పెట్టుకున్న ధీరుడు. వీళ్ళు పాకిస్తాన్‌లో లేరు. బొంబాయిలో లేరు. పక్క వీధిలో ఉన్నారు. వీళ్ళ భాష తెలుగు. అయినా తెలుగుదనం అనగానే కళ్ళ ముందు కదిలే బొమ్మలో వీళ్ళు లేరు.

దూరపు ముసల్మాను ఉస్తాద్ అవుతాడు. దగ్గరి ముసల్మాను సాయిబుగానే మిగిలిపోతాడు. ఇది బాపు ఒక్కరి చెవికీ కంటికీ మధ్య ఉన్న దూరం కాదు. చదువుకున్న తెలుగు మధ్యతరగతి మొత్తానిది. గజల్ కచేరీకి టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళే మనిషే, షేర్ షేర్‌కూ వహ్వా అనే మనిషే, మర్నాడు తన వాటా అద్దెకు అడగడానికి వచ్చిన వాడి పేరు విని, ఇప్పుడే ఇచ్చేశామండీ అంటాడు. ఈ జవాబు నేనూ విన్నాను. ఆ ఇంటి ముందుగదిలో గజల్ క్యాసెట్లు వరసగా పేర్చి ఉన్నాయి.

మన ఆడపిల్లల సంగతి ఇంకా బాధాకరం. తెలుగు మీడియంలో చదువుకుని, తెలుగు నవలలు చదివి పెరిగిన మన ఇంటి ఆడపిల్ల అద్దంలో చూసుకుంటుంది. బాపు బొమ్మలా ఉంది అన్న పొగడ్త ఆమెకు ఎప్పుడూ అందదు. ఎంత పెద్ద కళ్ళున్నా, ఎంత పొడుగు జడ ఉన్నా, నుదుట బొట్టు లేదు. తల మీద దుపట్టా ఉంది. అందానికి జాతి వేసిన కొలతలో ఆమె ఒక చుక్క తక్కువ. స్నేహితురాళ్ళు సరదాకి బొట్టుబిళ్ళ అంటించి, ఇప్పుడు అచ్చం బాపు బొమ్మవే అంటారు. వాళ్ళకు దురుద్దేశం లేదు. దురుద్దేశం లేని చోటే ఆధిపత్యం హాయిగా నిద్రపోతుంది.

ఇంతా చెప్పి, ఒక న్యాయం చెప్పకపోతే తప్పు. బాపు రాముడి మీద నాకు ఫిర్యాదు లేదు. ఆయన రాముడు ఆయనిష్టం. 'సంపూర్ణ రామాయణం', 1976లో 'సీతా కల్యాణం', 2011లో 'శ్రీరామరాజ్యం'. నలభై ఏళ్ళపాటు ఒకే దేవుణ్ణి అలుపు లేకుండా గీసినవాడు. ఆ రాముడు నీలంగా, చల్లగా, పక్కన సీతతో ఉంటాడు. 1990లో రథమెక్కించి ఊరేగించిన రాముడు వేరు. ఆ రాముడికి సీత లేదు, ఎక్కుపెట్టిన విల్లు ఉంది. 1992 డిసెంబరు 6 తర్వాత మన ఇళ్ళలో తలుపులు గడియలు వేసుకుని రేడియో వింటున్నప్పుడు, పక్కింటి గోడ మీది క్యాలెండరులో ఉన్న బాపు రాముణ్ణి చూసి ఎవరూ భయపడలేదు. ఆ తేడా గీతలోనే ఉంది. ఉస్తాదుల్ని ప్రేమించిన చెయ్యి దేవుడి చేతికి కూడా కోపం ఇవ్వలేకపోయిందేమో.

ఇంకో న్యాయం. కథకు బొమ్మ వేసేవాడు కథలో లేనివాణ్ణి ఎక్కడ నుంచి తెస్తాడు? కథ అడిగితే గడ్డం గీస్తాడు, బుర్ఖా గీస్తాడు, పీర్ల చావిడి గీస్తాడు. ఆయన కాలంలో పత్రికలకు కథలు రాసినవాళ్ళు ఎవరు? అచ్చు వేసినవాళ్ళు ఎవరు? ఏ కొద్దిమందో తప్ప మనం ఆ పేజీల్లో లేము. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చేదాకా, 1998లో 'జల్‌జలా' వచ్చేదాకా, మన నొప్పిని మన పేరుతో తెలుగులో ఒక గుంపుగా చెప్పలేదు. మాట రాని చోటికి గీత ముందుగా రాదు.

మన ఇంటి లెక్క కూడా చూసుకోవాలి. పాట హరామ్ అని తేల్చేసి, ఉస్తాదుల్ని వాళ్ళ దారిన వదిలేసిన పెద్దమనుషులు మనలో ఉన్నారు. సన్నాయి ఊదేవాడు గుళ్ళో ఊదుతాడు కాబట్టి వాడి ముసల్మానీ సగమే అని దూదేకుల ఇంటి సంబంధం తిప్పికొట్టిన ఖాన్ సాబులూ ఉన్నారు. దఖ్ఖనీ యాసను చూసి లక్నో వైపు మొహం పెట్టి నవ్వే ఉర్దూ దర్జా ఉంది. తెలుగు పుస్తకం ఇంటికి తెస్తే మన జబాన్ కాదుగా అన్న ఇళ్ళున్నాయి. దాయిరా మీర్ మోమిన్‌కు వెళ్ళి బడే గులాం అలీ ఖాన్ ఖబర్ దగ్గర ఫాతిహా చదివినవాళ్ళు మనలో ఎంతమంది? నరసాపురం హిందువు గుండెలో పెట్టుకున్న మనిషిని మన ఊరి మట్టిలోనే ఉన్నా మనం మరిచాం. బొమ్మలో మమ్మల్ని ఎందుకు గీయలేదని అడిగే హక్కు మనకుంది. మన పింజారిని, మన సన్నాయి సాబును మన బొమ్మలో మనం గీసుకున్నామా అన్న ప్రశ్నకు జవాబిచ్చే బాధ్యతా ఉంది.

బాపు లేరు. ఆయన గీత మిగిలింది, అక్షరం మిగిలింది, చెవి ఏం విన్నదో ఆ కబురూ మిగిలింది. అభిమానులు ఆయన్ని మ్యూజియంలో పెట్టి హారతి పడుతున్నారు. నేను ఆయన్ని వాడుకోమంటున్నాను. ఆ అక్షరాల్లోనే మన పేర్లు రాసుకుందాం. ఆ వంపు తిరిగిన గీతతోనే తల మీద దుపట్టా గీద్దాం, బొట్టు లేని నుదురు గీద్దాం, వేలి కొసల గోరింటాకు గీద్దాం. కరవాడి వీధిలో అరుగు మీద కూర్చుని సన్నాయి పీక సరిచేసుకుంటున్న ముసలి సాయిబును గీద్దాం. గీసి, ఇదీ తెలుగుదనమే అని కింద పెద్ద అక్షరాలతో రాద్దాం. కాదనేవాళ్ళు ఉంటే, ముందు 'ముత్యాల ముగ్గు'లోంచి ఆ మాండలిన్ తీసేసి చూపించమందాం.